మూడు ఖనిజాల ఫిల్టరు: ఏ నీటికి ఏది పనికొస్తుంది

ఈ ఫిల్టరు కొనవచ్చా అని అడిగేవారికి నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నాను. మీ నీటిలో ఏమున్నదో పరీక్ష చేయించి, ఆ కాగితం చేతిలో ఉన్నవారైతే కొనండి, మంచి వస్తువే. "నీళ్లు అంత బాగా లేవు, ఏదో ఒక ఫిల్టరు పెడదాం" అనుకునేవారైతే ఇప్పుడే కొనకండి. పరీక్ష ముందు, ఫిల్టరు తరువాత. ఈ వరుస తప్పితే డబ్బు పోవడం చిన్న నష్టం. విషాన్ని తీసేశామన్న లేనిపోని ధీమాతో ఏళ్ల తరబడి అదే నీరు తాగడం అసలు నష్టం.

నేను నీటి పరీక్షల ప్రయోగశాలలో చాలాకాలం విశ్లేషకురాలిగా పనిచేశాను. సీసాలలో వచ్చిన నీటిని పరీక్షించి ఫ్లోరైడు ఎంత, ఆర్సెనిక్ ఎంత, ఇనుము ఎంత అని అంకెలు రాసి ఇవ్వడం నా ఉద్యోగం. కాగితం అందుకున్నవారు దాన్ని ఒకసారి చూసి, తలెత్తి, "మరి ఇప్పుడు మేమేం చేయాలి?" అని అడిగేవారు. ఆ ప్రశ్నకు నా దగ్గర చవకైన జవాబు ఉండేది కాదు. అందుకే ఖనిజపు గుళికలతో పనిచేసే ఫిల్టర్లు వస్తున్నాయని తెలిసినప్పుడు ఆశతో తెప్పించుకున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. ఇదే నమూనాలో చాలామంది తయారు చేస్తున్నారు, నేను చెప్పేది వాటన్నిటికీ వర్తిస్తుంది.

పెట్టెలో పైన ముడినీరు పోసే స్టీలు పాత్ర, వడపోసిన నీరు చేరే కింది పాత్ర, రెండింటి మధ్య నిలబెట్టే నాలుగు లీటర్ల గొట్టం, మూడు ఖనిజపు సంచులు ఉన్నాయి. ఒక్కో సంచి కిలో బరువు. తెల్లని గుళికలు యాక్టివేటెడ్ అల్యూమినా. బూడిదరంగులో కొంచెం ఆకుపచ్చ ఛాయ ఉన్న పలుకులు క్లినోప్టిలోలైట్ అనే సహజ జియోలైట్, అంటే లోపల సన్నని రంధ్రాల చట్రం ఉన్న ఖనిజం. ఇటుక రంగులో ఉన్నది ఐరన్ ఆక్సైడ్ పూత పూసిన క్వార్ట్జ్ ఇసుక. కరెంటు అక్కర్లేదు. నీరు తన బరువుతోనే దిగుతుంది. ఆర్‌వో యంత్రంలో లాగా తాగే నీటి కోసం మరికొంత నీటిని బయటికి వదిలేయాల్సిన పని లేదు.

పాత్రలు గట్టిగా ఉన్నాయి. గుళికలు జారిపోకుండా గొట్టం అడుగున పెట్టిన జల్లెడ సన్నగా, చక్కగా ఉంది. పైనుంచి పడే నీరు ఒకేచోట గుంట చేయకుండా చిల్లుల పళ్లెం కూడా ఇచ్చారు. దీన్ని చిన్న విషయంగా తీసుకోకండి. నీరు ఒకే దారి చేసుకుని దిగితే ఆ దారిలో ఉన్న గుళికలే పనిచేసి నిండిపోతాయి, పక్కనున్నవి తడవడం తప్ప ఇంకేమీ చేయవు. వాషరు మాత్రం పలచన. గొట్టాన్ని బిగిస్తుంటే అది ఒక పక్కకు జరిగి, ముడినీరు గుళికలను తాకకుండానే అంచు వెంబడి కిందికి కారింది. ఇలాంటి ఫిల్టరులో ఇంతకంటే పెద్ద లోపం ఉండదు. ఎందుకంటే ఆ కారిన నీరు శుభ్రమైన నీటిలోనే కలుస్తుంది, రంగు మారదు, రుచి మారదు, ఎవరికీ తెలియదు. మందమైన రబ్బరు వాషరు వేశాక ఆగిపోయింది. కొన్నవారు మొదటి రోజే పాత్రలో నీరు పోసి, గొట్టం అంచును కిందినుంచి పొడి గుడ్డతో తుడిచి చూసుకోండి. గుడ్డ తడిస్తే వాషరు మార్చండి.

ఇక అసలు సంగతి గుళికలు. ఇవి మట్టిని వడకట్టినట్టు వడకట్టవు. ఫ్లోరైడు, ఆర్సెనిక్ నీటిలో కరిగి ఉంటాయి కాబట్టి ఎంత సన్నని గుడ్డా వాటిని ఆపలేదు. ఖనిజం తన ఉపరితలానికి వాటిని అంటించుకుంటుంది. దీన్ని అధిశోషణం అంటారు. ఒక్క గ్రాము యాక్టివేటెడ్ అల్యూమినాలోని సూక్ష్మ రంధ్రాల గోడలన్నీ కలిపితే 200 నుంచి 400 చదరపు మీటర్ల వైశాల్యం ఉంటుంది. గుప్పెడు గుళికలు బిందెడు నీటిని బాగు చేయగలగడానికి కారణం ఇదే. ఆ ఉపరితలానికి విద్యుదావేశం కూడా ఉంటుంది. మామూలు తాగునీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాన్ని చూపే అంకె) దగ్గర అల్యూమినా, ఐరన్ ఆక్సైడ్ సాధారణంగా ధనావేశం వైపు ఉంటాయి. అందుకే రుణావేశమున్న ఫ్లోరైడు, ఆర్సెనేటు (నీటిలో ఆర్సెనిక్ ఉండే ఒక రూపం) వాటికి అంటుకుంటాయి. జియోలైటు సంగతి వేరు. దాని చట్రంలోనే రుణావేశం ఉంది, కాబట్టి అమ్మోనియం, సీసం, సీజియం వంటి ధనావేశపు అయాన్లను పట్టుకుంటుంది. ఈ ఒక్క విషయం గుర్తుంటే, ఏ కంపెనీ కరపత్రం తెచ్చి ఇచ్చినా అందులో ఏ మాట నిజమో సగం మీరే తేల్చుకోగలరు.

ఈ ఫిల్టరుతో వచ్చిన కరపత్రం మూడు ఖనిజాలనూ ఒకే గొట్టంలో ఒకదానిపై ఒకటి పొరలుగా నింపమంటుంది. అలా నింపితే "అన్ని కలుషితాలకూ ఒకే పరిష్కారం" అట. నాకు అస్సలు నచ్చనిది ఇదే. మీ సమస్య ఫ్లోరైడు అనుకోండి. గొట్టంలో కిలో అల్యూమినా మాత్రమే మీకోసం పనిచేస్తుంది. మిగతా చోటంతా ఆ నీటికి అక్కర్లేని ఖనిజాలు ఆక్రమించి ఉంటాయి. అందుకని నేను మూడింటినీ విడివిడిగా, గొట్టం నిండా ఒక్కొక్కటే పోసి చూశాను. అదనపు సంచులు విడిగా దొరుకుతాయి.

ముందు అల్యూమినా. ఈ మూడింటిలో నా మనసు గెలిచింది ఇదే.

గుళికలను గొట్టంలో పోసే ముందు బాగా కడగాలి. మొదట్లో నీరు పాలలాగా వస్తుంది. రవాణాలో గుళికలు ఒరుసుకుని పొడి రాలడం వల్ల అలా జరుగుతుంది. తేటగా వచ్చేదాకా కడిగి, ఆ తరువాత కూడా మొదటి కొన్ని పాత్రల నీటిని తాగకుండా వదిలేయండి. ఆ పొడి తాగేనీటిలోకి వస్తే అల్యూమినియం కూడా వచ్చినట్టే. కరపత్రంలో "ఒకసారి కడగండి" అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. అది చాలదు.

నేను పోసిన ముడినీటిలో ఫ్లోరైడు లీటరుకు 4 మిల్లీగ్రాములకు కొంచెం తక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు 1.5 మిల్లీగ్రాములు. కొత్త గుళికల గుండా దిగిన నీటిలో అర మిల్లీగ్రాము కూడా లేదు. ఫ్లోరైడు ఎలక్ట్రోడుతో చూసిన తరువాత జిర్కోనియం అలిజరిన్ ద్రవంతోనూ చూశాను. ఫ్లోరైడు ఉంటే ఈ ద్రవం గులాబీ రంగు పోగొట్టుకుని పసుపుకు తిరుగుతుంది. ముడినీటి పరీక్షనాళిక పసుపుగా, ఫిల్టరు నీటి పరీక్షనాళిక గులాబీగా పక్కపక్కనే నిలబడ్డాయి. ఇన్నేళ్ల ఉద్యోగంలో చెడ్డ రంగులు చాలా చూశాను. అందుకే ఆ గులాబీ రంగు చూసినప్పుడు నాకు నిజంగా సంతోషం వేసింది.

అయితే ఈ ఫలితం కొళాయి దగ్గరి స్క్రూను బాగా బిగించాక వచ్చింది. పెట్టెలోంచి తీసినప్పుడు నీరు గంటకు 30 లీటర్ల వేగంతో దిగుతోంది. ఆ వేగంలో కిలో అల్యూమినా గుండా నీరు రెండు మూడు నిమిషాలలో దాటిపోతుంది. ఫ్లోరైడు అయాను గుళిక పైభాగాన్ని తాకితే చాలదు, లోపలి రంధ్రాలలోకి వెళ్లాలి. దానికి సమయం పడుతుంది. మూడు కిలోల అల్యూమినాకు సుమారు నాలుగు లీటర్ల చోటు కావాలి. నీటిని గంటకు 10 లీటర్లకు తగ్గిస్తే అది గుళికలను తాకుతూ ఉండే సమయం 24 నిమిషాలు. రాత్రి పోసి పొద్దున తాగే ఇంటికి ఈ వేగం ఎంతమాత్రం ఇబ్బంది కాదు. తొందరపడి స్క్రూ వదులు చేస్తే మాత్రం ఫిల్టరు పెట్టిన ప్రయోజనమే పోతుంది. ఈ స్క్రూ గురించి కరపత్రంలో ఒక్క వాక్యం కూడా లేదు.

ఎన్నాళ్లు పనిచేస్తుంది? కంపెనీకి ఉత్తరం రాసి అడిగితే "ఆరు నెలలు" అని జవాబిచ్చారు. ఏ నీటికి ఆరు నెలలు అని మళ్లీ అడిగితే జవాబు రాలేదు. ఖనిజం అంటించుకోగల చోట్లకు పరిమితి ఉంది. గాజు, అభ్రకం, ప్లాటినం ఉపరితలాలకు వాయువులు ఎలా అంటుకుంటాయో అమెరికా రసాయన శాస్త్రవేత్త అర్వింగ్ లాంగ్‌మ్యూర్ 1918లోనే పరిశీలించి, ఆ చోట్లు నిండేదాకానే అధిశోషణం సాగుతుందని సమీకరణంలో పెట్టి చూపాడు. కాబట్టి గుళికలకు క్యాలెండరు తెలియదు, తమ మీదుగా ఎంత ఫ్లోరైడు వచ్చిందన్నదే వాటికి లెక్క.

మీరే లెక్కేసుకోండి. మామూలు నీటిలో, ఆమ్లం కలిపి పీహెచ్ తగ్గించకుండా వాడితే, గ్రాము అల్యూమినా ఒకటి రెండు మిల్లీగ్రాముల ఫ్లోరైడు పట్టుకుంటుందని అనుకోవచ్చు. ఒకటిన్నర అని తీసుకుందాం. మూడు కిలోలు 4,500 మిల్లీగ్రాములు పడతాయి. లీటరుకు 4 ఉన్న నీటిని 1కి దించాలంటే ప్రతి లీటరు నుంచి 3 మిల్లీగ్రాములు తీయాలి. అంటే 1,500 లీటర్లు. తాగడానికీ వంటకూ రోజుకు 20 లీటర్లు వాడే ఇంటికి 75 రోజులు. కరపత్రం చెప్పినట్టు పొరలుగా, ఒక్క కిలోనే వేస్తే 25 రోజులు. ఆ తరువాత మిగిలిన అయిదు నెలలూ ఆ కుటుంబం ముడినీటికి దగ్గరగా ఉన్న నీటినే ఫిల్టరు నీరు అనుకుని తాగుతుంది. ముడినీటిలో 2 మిల్లీగ్రాములే ఉంటే లెక్క పెరుగుతుంది. కానీ గాఢత తగ్గినప్పుడు గుళికలు పట్టే మోతాదు కూడా తగ్గుతుంది కాబట్టి సరిగ్గా మూడింతలు వస్తుందని ఆశించకండి. ఇవన్నీ సుమారు అంకెలే. అయినా "ఆరు నెలలు" అన్న మాట కంటే ఎంతో నమ్మదగినవి.

నీటి స్వభావం కూడా ఈ లెక్కను మారుస్తుంది. అల్యూమినా ఫ్లోరైడును అన్నిటికంటే బాగా పట్టేది పీహెచ్ 5.5, 6 మధ్య. బోరు నీటికి సాధారణంగా 7 దాటి ఉంటుంది. దానికితోడు బైకార్బొనేటు ఎక్కువగా ఉన్న నీటిలో ఈ గుళికలు త్వరగా డీలాపడతాయి. ఫ్లోరైడు ఎక్కువగా ఉండే భూగర్భ జలాలలో బైకార్బొనేటు ఎక్కువగా, కాల్షియం తక్కువగా ఉండడం తరచుగా కనిపించే విషయమే. అందుకే పరీక్షకు ఇచ్చేటప్పుడు ఫ్లోరైడు ఒక్కటే రాయించకండి. పీహెచ్, ఆల్కలినిటీ (బైకార్బొనేటు వంటివి ఎంత ఉన్నాయో చెప్పే అంకె), ఫాస్ఫేటు, ఇనుము కూడా రాయించండి.

నిండిన గుళికలను పారేయనక్కర్లేదు. ఒక శాతం కాస్టిక్ సోడా ద్రావణంలో నానబెడితే ఫ్లోరైడు ఊడి వస్తుంది. తరువాత పలుచని ఆమ్లంతో క్షారాన్ని తటస్థపరిచి, బాగా కడిగి మళ్లీ వాడుకోవచ్చు. ఒకే గుళికలను పలుమార్లు వాడుకోగలగడమే అల్యూమినాను నిజంగా చవక చేస్తుంది. కానీ కాస్టిక్ సోడా కళ్లలో పడితే చూపు పోతుంది. పిల్లలున్న ఇంట్లో ఈ పని చేయమని నేను ఎవరికీ చెప్పను. పదిళ్లవారు కలిసి ఒక శిక్షణ పొందిన మనిషి చేత, చేతి తొడుగులు, కళ్లద్దాలతో, ఒకేచోట చేయించుకోవాలి. ఐఐటీ కాన్పూరు, యునిసెఫ్ కలిసి ఇంటి వాడకానికి తెచ్చిన అల్యూమినా ఫిల్టర్ల కథలోనూ గుళికలను తిరిగి బాగు చేసే ఏర్పాటే కీలకం. ఈ కంపెనీ ఆ ఏర్పాటు ఏదీ చెప్పలేదు, కొత్త సంచి కొనమంటుంది.

పటిక, సున్నం, బ్లీచింగు పొడి కలిపి ఫ్లోరైడును అడుగుకు దించే నల్గొండ పద్ధతితో దీన్ని పోల్చి అడుగుతారు. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ (నీరీ) 1970లలో రూపొందించిన ఆ పద్ధతిలో వాడేవన్నీ సులభంగా దొరికే రసాయనాలు. కానీ ప్రతిరోజూ కొలిచి కలపాలి, మడ్డిని తీసి పారేయాలి, మోతాదు తప్పితే నీటిలో అల్యూమినియం, సల్ఫేటు మిగులుతాయి. గుళికల ఫిల్టరులో రోజువారీ కొలతలు లేవు. ఇంటి పనుల మధ్య నీటి పని కూడా మీదేసుకున్నవారికి ఇది ఎంత పెద్ద వెసులుబాటో నాకు తెలుసు. 1937లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచి ఫ్లోరోసిస్‌పై, అంటే ఫ్లోరైడు ఎక్కువై పళ్లు, ఎముకలు పాడయ్యే జబ్బుపై వైద్య నివేదిక వెలువడింది. వంగిపోయిన ఎముకను ఏ మందూ తిరిగి చక్కచేయలేదు. కాబట్టి నీటి దగ్గరే ఆపాలి, అదీ రోజూ చేయగలిగే పద్ధతిలో. అల్యూమినాపై నేను ఇంత రాయడానికి కారణం ఇదే.

జియోలైటు గురించి తక్కువ మాటలలో చెబుతాను. కరపత్రంలో ఇది ఫ్లోరైడును కూడా తీస్తుందని రాశారు. గొట్టం నిండా జియోలైటు పోసి అదే ఫ్లోరైడు నీటిని వదిలాను. పైన ఎంత ఉందో కిందా అంతే ఉంది. రుణావేశపు చట్రం రుణావేశపు అయానును పట్టదు కదా. పైపొరను రసాయనాలతో మార్చిన జియోలైట్లు వేరే ఉన్నాయి, ఈ సంచిలోది అది కాదు. నైట్రేటు విషయంలోనూ అంతే.

అమ్మోనియం విషయంలో మాత్రం జియోలైటు చాలా బాగా పనిచేసింది. అమ్మోనియాను రంగుతో చూపే నెస్లర్ కారకం వేస్తే ముదురు పసుపు వచ్చే నీరు, ఫిల్టరు దాటాక దాదాపు రంగు లేకుండా నిలిచింది. మట్టి అమ్మోనియాను పట్టుకుని, దానికి బదులు కాల్షియంను వదులుతుందని ఇంగ్లండులో జె. టి. వే అనే రసాయన శాస్త్రవేత్త 1850లోనే ప్రచురించాడు. ఈ సంచిలో జరిగేదీ అలాంటి మార్పిడే, ఒకటి పట్టుకుని ఇంకొకటి వదలడం. ఇంగ్లండులోనే ఉన్న సెల్లాఫీల్డ్ అణు కేంద్రంలో 1985 నుంచి సీజియం, స్ట్రాన్షియంను నీటిలోంచి తీయడానికి వాడుతున్నది కూడా క్లినోప్టిలోలైటే. నిండిపోతే ఉప్పు నీటిలో నానబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. కాస్టిక్ సోడా భయం లేదు. అయితే వదిలేవాటిలో సోడియం కూడా ఉంటుంది, వైద్యులు ఉప్పు తగ్గించమన్నవారు ఇది గుర్తుంచుకోవాలి. తాగునీటిలో అమ్మోనియా కనిపించిందంటే మురుగు ఎక్కడో కలుస్తున్నదేమో ముందు చూడండి. దాన్ని ఆపకుండా జియోలైటుతో అమ్మోనియాను తీసేస్తే, ప్రమాదాన్ని పట్టిచ్చే గుర్తును చెరిపేసినట్టవుతుంది.

మూడోది ఇటుక రంగు ఇసుక, ఆర్సెనిక్ కోసం. ఇక్కడ నేను చాలా జాగ్రత్తగా రాస్తున్నాను, ఎందుకంటే ఆర్సెనిక్‌కు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు, అంటే మిల్లీగ్రాములో వందో వంతు. నీటిలో ఇది రెండు రూపాలలో ఉంటుంది. ఆర్సెనేటుకు రుణావేశం ఉంటుంది, ఐరన్ ఆక్సైడ్ దాన్ని గట్టిగా పట్టుకుంటుంది. గాలి తగలని లోతు నీటిలో ఎక్కువగా ఉండే ఆర్సెనైటుకు పీహెచ్ 9 దాకా ఆవేశమే ఉండదు. అందుకని ఈ ఇసుక దాన్ని తక్కువగానే ఆపుతుంది, చాలావరకు జారిపోతుంది. ముందే కొంచెం క్లోరిను కలిపి, ఆర్సెనైటును ఆర్సెనేటుగా మార్చి, ఆపైన ఇసుక గుండా వదిలితే ఫలితం పూర్తిగా మారిపోతుంది. మెర్క్యురిక్ బ్రోమైడ్ కాగితంపై మచ్చ చూసే పరీక్ష చేశాను. క్లోరిను లేకుండా దిగిన నీటికి కాగితం స్పష్టంగా పసుపెక్కింది, క్లోరిను కలిపి వదిలిన నీటికి కంటికి కనిపించేంత మచ్చ పడలేదు. కరపత్రంలో క్లోరిను ప్రస్తావన లేనే లేదు. ఇది క్షమించదగ్గ లోపం కాదు.

ఫాస్ఫేటు ఉన్న నీటిలో ఇంకో చిక్కు. ఫాస్ఫేటు, ఆర్సెనేటు ఆకారంలోనూ ఆవేశంలోనూ ఒకదానికొకటి దగ్గర. ఎక్కిన బస్సులో సీట్లన్నీ ముందే నిండిపోయినట్టు, ఫాస్ఫేటు వచ్చి ఇసుకపై చోట్లను ఆక్రమిస్తే ఆర్సెనేటు నిలబడే వీలు లేక నీటితోపాటు దిగిపోతుంది. సిలికేటు కూడా కొంత ఇలాగే చేస్తుంది. అందుకని ఇలాంటి ఇసుకకు కాలపరిమితి ముందే చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు, వాడుతూ పరీక్షించుకోవాల్సిందే. ఇనుము ఆధారిత ఫిల్టర్లు పనిచేయవని దీని అర్థం కాదు. బంగ్లాదేశ్ గొట్టపుబావుల నీటి కోసం రసాయన శాస్త్రవేత్త అబుల్ హుస్సాం రూపొందించిన సోనో ఫిల్టరులో ఇనుమే ప్రధానం, దానికి 2007లో గ్రెయింజర్ చాలెంజ్ స్వర్ణ పురస్కారం వచ్చింది. ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు నిండిన లాటరైటు రాయితో ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు ఆర్సెనిక్ ఫిల్టర్లు తయారు చేశారు. ఖనిజం మంచిదే. దాన్ని ఎలా వాడాలో చెప్పకుండా సంచిలో పోసి అమ్మడమే నా అభ్యంతరం.

వీటి గురించి చాలామంది అడిగే ప్రశ్న టీడీఎస్ మీటరు. ఫిల్టరు పెట్టిన తరువాత మీటరులో అంకె తగ్గలేదు, కాబట్టి ఇది పనిచేయడం లేదని కొందరు తిరిగి ఇచ్చేస్తున్నారు. టీడీఎస్ మీటరు నీటి విద్యుత్ వాహకతను కొలిచి మొత్తం లవణాల అంచనా చెబుతుంది. 800 ఉన్న చోట 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడు తగ్గితే ఆ మీటరు పట్టుకోలేదు. ఆర్సెనిక్ అయితే అంతకంటే వందల రెట్లు తక్కువ. జియోలైటు ఒక అయానుకు బదులు ఇంకొకటి ఇస్తుంది కనుక అంకె దాదాపు మారదు. ఉప్పదనం పోవాలంటే ఈ ఫిల్టరు కొనకండి, ఆ పని దీనిది కాదు. టీడీఎస్ తక్కువగా ఉంది కాబట్టి నీరు మంచిదని అనుకోవడం కూడా ఇంతే ప్రమాదం. 200 చూపించే నీటిలోనూ ఆర్సెనిక్ హద్దు దాటి ఉండవచ్చు.

సూక్ష్మక్రిములు "99 శాతం" పోతాయని కరపత్రం అంటుంది, అది నమ్మకండి. గుళికల మధ్య సందులు సూక్ష్మక్రిములకు పెద్ద రహదారులు. పైగా తడిగా, చీకటిగా ఉండే గుళికలపై అవి పొరకట్టి పెరుగుతాయి కూడా. కొన్ని రోజులు వాడకుండా వదిలేస్తే మొదట వచ్చే నీటిని పారబోయండి. వడపోసిన నీటిని మరిగించడమో, తగు మోతాదులో క్లోరిను వేయడమో తప్పనిసరి. మరిగిస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడు, ఆర్సెనిక్ పోవు. నీరు ఆవిరై తగ్గినకొద్దీ వాటి గాఢత కొంచెం పెరుగుతుంది కూడా. కాబట్టి ఫిల్టరూ కావాలి, మరిగించడమూ కావాలి. ఒకటి చేస్తే రెండోది మానేయవచ్చని ఎవరు చెప్పినా వినకండి.

అంకెలు ఇమ్మంటే అల్యూమినాకు అయిదుకు నాలుగున్నర ఇస్తాను. జియోలైటుకు, అమ్మోనియం కోసమే వాడేవారికి, నాలుగు. ఇసుకకు క్లోరినుతో కలిపి వాడితే మూడున్నర, లేకుండా వాడితే ఇవ్వడానికి నాకు మనసొప్పదు. పాత్రలకు నాలుగు, వాషరు మారిస్తే నాలుగున్నర. కరపత్రానికి ఒకటి, అది కూడా గుళికలు కడగాలని రాసినందుకు. కంపెనీ వారు చదివితే మూడు పనులు చేయమని కోరుతున్నాను. మూడు సంచులు కలిపి అమ్మడం మానేసి, పరీక్ష కాగితం చూసి తగిన ఖనిజాన్నే ఇవ్వండి. కింది పాత్రకు లీటర్లు లెక్కించే చిన్న మీటరు పెట్టండి. వాడేసిన గుళికలను వెనక్కి తీసుకోండి.

ఆ చివరి పని ముఖ్యంగా ఇసుక విషయంలో కావాలి. నీటిలోంచి తీసిన ఆర్సెనిక్ ఎక్కడికీ పోలేదు, ఆ ఇసుకపైనే పోగై ఉంది. బావి పక్కన, పెరట్లో, పశువులు మేసేచోట, చెరువు గట్టున దాన్ని పారబోయకండి. ఎరువు కుప్పలో అసలే వేయకండి. గాలి అందక కుళ్లే చోట ఐరన్ ఆక్సైడ్ కరిగి, పట్టుకున్న ఆర్సెనిక్‌ను తిరిగి వదిలేస్తుంది. వెనక్కి తీసుకునే ఏర్పాటు వచ్చేదాకా మూత బిగుతుగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలో, పొడిగా, పైన "ఆర్సెనిక్ ఇసుక" అని పెద్ద అక్షరాలతో రాసి, పిల్లలకు అందని చోట ఉంచండి. సిమెంటులో కలిపి గట్టిపరిచే పద్ధతి ఉంది, కానీ అది కూడా కలిపాక మళ్లీ నీటిలోకి ఊరడం లేదని పరీక్షించి చేయాల్సిన పని, కాబట్టి ఇంట్లో ప్రయత్నించకుండా మీ ప్రాంతపు నీటి పరీక్షల ప్రయోగశాల వారిని అడిగి అప్పగించండి.